నూక లేని తలంబ్రాలు

శ్రీరామనవమి నాడు అభిజిత్ లగ్నంలో భద్రాచలం మిథిలా స్టేడియం మండపంలో సీతారాముల తలల మీద రాలే తలంబ్రాల్లో మిల్లు చూడని, రోకటి దెబ్బ తినని బియ్యం ఉంటుంది. అది గోళ్లతో ఒలిచిన బియ్యం. ఖమ్మంలో కలిసిపోయిన మా ఖానాపురం హవేలి నుంచి చూసినా, కొత్తగూడెం, పాల్వంచ దాటి సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కినా, ఈ కల్యాణం ఉమ్మడి ఖమ్మం జిల్లా వాళ్లకు ఇంట్లో పెళ్లే. పెళ్లికి వెళ్లినవాళ్లు నగల గురించి, ముత్యాల గురించి చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ పందిట్లో అన్నిటికన్నా గొప్ప పనితనం ఆ బియ్యంలోనే కనిపిస్తుంది.

ఒక వడ్లగింజను వెలుతురుకు పెట్టి చూడండి. దాని పొట్టు రెండు రెక్కలు. ఒకటి వెడల్పు, ఇంకోటి సన్నం. రెండింటి అంచులూ ఒకదానిలో ఒకటి బిగిసి ఉంటాయి. కొత్తగా కూర్చున్నవాళ్లు గింజను నడుమ పట్టి నొక్కుతారు. పొట్టుతో పాటు లోపలి బియ్యమూ రెండవుతుంది. చేయి తిరిగినవాళ్లు నడుమ జోలికే పోరు. బొటనవేలి గోటిని ఆ అంచుల కలయిక మీద ఆనించి, చూపుడువేలితో గింజను రవ్వంత దొర్లిస్తారు. అంచు విడుతుంది. వెడల్పు రెక్క ముందు వస్తుంది, సన్నది దాని వెంటే ఊడుతుంది. కళ్లతో చూసేది తక్కువ, వేలికి తెలిసేదే ఎక్కువ.

వడ్లు కూడా మాట వినేవై ఉండాలి. సరిగా ఆరకపోతే పొట్టు వదలదు, గింజ నలుగుతుంది. మండుటెండలో గబగబా ఆరబోస్తే లోపలే సన్నని బీట పడుతుంది. అలాంటి గింజ గోరు తగలగానే పుటుక్కుమంటుంది. నిదానంగా ఆరిన వడ్లు తీసుకుని, తాలు పోయేలా చెరిగి, అప్పుడు ఒలవడానికి కూర్చోవాలి. విరిగిన గింజ ఎంత తెల్లగా ఉన్నా తలంబ్రాలకు పనికిరాదు, పక్కన పెట్టాల్సిందే. బియ్యం కిలోకు రమారమి యాభై వేల గింజలు తూగుతాయి. అంటే కిలో గోటి తలంబ్రాల వెనక యాభై వేల సార్లు గోరు తెలిసి ఆగింది. వేలి కొన మండుతుంది, గోరు అరిగిపోతుంది, రామనామం మాత్రం ఆగదు.

తూర్పు గోదావరి జిల్లా కోరుకొండలో శ్రీకృష్ణ చైతన్య సంఘం వాళ్లు ఈ పనిని విత్తనం దగ్గరి నుంచే మొదలుపెడతారు. రాముడు, హనుమంతుడు, వానరుల వేషాలు కట్టి పొలంలో దిగుతారు. పండిన వడ్లను ఊళ్లూళ్లకూ పంచి, గోటితో ఒలిపించి, కల్యాణానికి భద్రాద్రి చేరుస్తారు.

ఇక కలపడం. ఫాల్గుణ పౌర్ణమి నాడు గుడిలో రోలూ రోకలీ పూజించి, పసుపు దంచి పెళ్లి పనులు మొదలుపెడతారు. తలంబ్రాలు అంతటా పసుపుపచ్చగా ఉంటే భద్రాద్రివి ఎర్రన. పసుపు కుంకుమలతో పాటు గులాలు కలుస్తుంది కాబట్టి. ఇది గోల్కొండ తానీషా కాలం నుంచి వచ్చిందని చెబుతారు. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు రావడమూ ఆ ఆచారమే. నాకు ముచ్చటేసేది ఇందులో కలిపే నెయ్యి చేసే పని. నీళ్లతో తడిపితే బియ్యం ముద్దకట్టి నాలుగు రోజుల్లో ముక్కిపోతుంది. నెయ్యి పలచగా పట్టిస్తే రంగు గింజగింజకూ అంటుతుంది, గింజలు మాత్రం విడివిడిగా రాలుతాయి. దోసిట్లోంచి జారేటప్పుడు ఆ ధార తెగకుండా పడడానికి కారణం ఇదే.

నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి చేయించాడు. కల్యాణంలో సీతమ్మకు కట్టే మూడో మంగళసూత్రం ఇప్పటికీ ఆయన పేరుతోనే పలుకుతుంది. అలా పలకాలి కూడా, ఆ గుడి కోసం, ఆ నగల కోసం ఆయన గోల్కొండ చెరసాల చూశాడు. గోటితో ఒలిచినవాళ్ల పేర్లు ఎవరూ చదవరు. వాళ్లు అడగనూ అడగరు. నెలల తరబడి ఒలిచిన బియ్యం క్షణంలో దేవుడి మీద రాలిపోతే చాలు వాళ్లకు. ఇంత ఓపికను ఇంత తేలిగ్గా వదిలేసుకునే పనివాళ్లు ఇంకెక్కడైనా ఉన్నారా అనిపిస్తుంది.

భద్రాద్రి తలంబ్రాలు ఇప్పుడు ఆర్టీసీ కార్గోలో ఇంటి గుమ్మానికే వస్తున్నాయి. అన్నీ గోటివి కావు, అంత బియ్యం గోటితో అయ్యే పనీ కాదు. గోటితో ఒలిచిన గింజ ఎలా ఉంటుందో తెలియాలంటే కొన చూడాలి. మిల్లులో పాలిష్ పట్టిన బియ్యానికి ఒక కొసన చిన్న నొక్కు ఉంటుంది, మొలక కన్ను ఊడిన చోటు అది. గోటితో ఒలిచినదానికి ఆ కన్ను అలాగే ఉంటుంది, పైన తవుడు పొర కూడా చెదరదు.