యంత్రరచనలు: సత్యపరీక్షయా, కథాపరీక్షయా?

కృత్రిమమేధాయంత్రములు వ్రాయు వ్రాఁతలను సత్యాసత్యములనుబట్టి విమర్శింపవలెనా, లేక కథలుగాఁ బరిగణించి వాని యల్లికను మాత్రమే చూడవలెనా యను ప్రశ్న విద్వాంసులనడుమఁ బొడసూపినది. ఈ యంత్రములు ముందున్న పదములనుబట్టి తరువాత నేపదము వచ్చుట సంభావ్యమో గణించి వాక్యము నల్లును. గ్రంథములను వెదకి చూచు సౌకర్యము నిటీవల వానికిఁ జేర్చిరి గాని యల్లిక విధము మాఱలేదు. కావున వీని వ్రాఁతలన్నియుఁ గథలే యనియు, కథను సత్యమా యని యడుగుట యరసికత యనియు నొక పక్షము. వినుటకిది సొంపుగనే యున్నది. న్యాయస్థానమున మాత్రము నిలువలేదు.

2023లో న్యూయార్కు నగరమున, ఏవియాంకా విమానసంస్థపై నొక ప్రయాణికుఁడు, విమానములోని లోహపు బండి మోకాలికిఁ దగిలి గాయమైనదని తెచ్చిన దావా విచారణకు వచ్చెను. అతని న్యాయవాదులు చాట్‌జీపీటీ యను యంత్రము చెప్పిన పూర్వపుఁ దీర్పులను సమర్పించిరి. వానిలో నాఱు తీర్పులు లోకమున నెన్నఁడును లేనివి. అవి నిజమైనవేనా యని యడుగఁగా నిజమైనవే యని యంత్రము బదులు చెప్పెను! న్యాయమూర్తి కాస్టెల్ జూన్ నెలలో 5,000 డాలర్ల జరిమానా విధించి, ఎవరి పేర నా తీర్పులు కల్పింపఁబడెనో యా న్యాయమూర్తులకు లేఖలు వ్రాసి తెలుపవలసినదని న్యాయవాదుల నాజ్ఞాపించెను.

గ్రంథపరిష్కర్తలు గమనింపఁదగిన యంశ మొకటి యీ నిర్ణయమునఁ గలదు. తీర్పులు న్యాయగ్రంథములలోఁ గానరాకపోవుట యను బహిరంగప్రమాణముతో న్యాయమూర్తి తృప్తి నొందలేదు. వానిని లోపలినుండియుఁ జదివెను. వర్గీసు వ్యాజ్యమను కల్పితపుఁ దీర్పు, మృతుఁడైన యొకని పక్షమునఁ దెచ్చిన దావాగా మొదలై, కొంతదూరము పోఁగానే యా మృతుని మఱచి, విమానము తప్పిపోయి యదనపు వ్యయము పాలైన వేఱొకని దావాగా మాఱినది. ఇది పూర్వాపరవిరోధము, కథాదోషము. కథాపరీక్ష యిట్లు దోషమును నిరూపింపఁగలదు, నిర్దోషమని విడిపింపలేదు. అల్లిక చక్కగా నున్నచో నా తీర్పు నిజమైయుండెడిదా?

రాయవాచకముమాట యేమని ప్రతిపక్షు లడుగవచ్చును. శ్రీకృష్ణదేవరాయల యాస్థానమందలి స్థానాపతి తన ప్రభువగు విశ్వనాథనాయనికిఁ బంపిన విన్నపమువలె నా వచనగ్రంథము నడచును. దాని నాంగ్లీకరించి 1993లోఁ బ్రకటించిన ఫిలిప్ వాగనర్, అది రాయలనాఁటిది కాదనియు, ఇంచుమించుగా 1600 ప్రాంతమున మధుర నాయకుల యాస్థానమునఁ బుట్టినదనియు వాదించెను. అట్లైనచో సమకాలిక పత్రమన్న దాని వేషము కపటమే. అయినను చరిత్రకారులు దానిని విడువలేదు. 1565లో విజయనగరము కూలిన పిదప మధురవారు తమ యధికారమునకు మూలమును రాయలనాఁటి వైభవమున నెట్లు వెదకుకొనిరో యది తెలుపుచున్నది. అసత్యము పలికినవాఁ డొకఁ డున్నాఁడు, వాని కొక ప్రయోజన మున్నది. ఆ ప్రయోజనమే చరిత్రకుఁ బనికివచ్చు సత్యము. వర్గీసు తీర్పునం దెవరి యాశయుఁ గానరాదు, ఎవరి భయముఁ గానరాదు. యంత్రపు టలవాటును దెలుపునందురేని, అది యంత్రశాస్త్రజ్ఞులకుఁ బనికివచ్చునుగాక.

గౌతముఁడు శబ్దప్రమాణమునకు లక్షణముగా నాప్తుని యుపదేశమును జెప్పెను. విషయమును సాక్షాత్తుగా నెఱిఁగి, యెఱిఁగినదానిని జెప్పఁగోరువాఁ డాప్తుఁడని వాత్స్యాయనభాష్యము. యంత్రమున కీ యెఱుకయు లేదు, ఆ కోరికయు లేదు. కథ వ్రాయుమని యడిగి వ్రాయించిన దానిని గథగనే చూడవచ్చును. అందు నక్క మాటలాడినదని తప్పుపట్టువాఁ డుండఁడు. కాని యదే యంత్రము శ్రీనాథుని పేర నొక చాటువును, తామ్రశాసనమున కొక శకవర్షమును వ్రాసియిచ్చినపుడు పని వేఱు. గణములు తప్పినచో నా చాటువు శ్రీనాథునిది కాదని వెంటనే త్రోసివేయవచ్చును. యతిప్రాసలు కుదిరినచో మాత్రము, ఏ తాళపత్రప్రతిలోఁ గలదు, ఆ ప్రతి యెచ్చట నున్నది, పూర్వమెవరు సేకరించిరి యను విచారణ యప్పుడే యారంభమగును.