సలాలా రేడియో: శ్రోత కనిపించని చరిత్ర

ఒమాన్ దక్షిణాన ఉన్న ధోఫార్ ప్రాంతానికి ముఖ్యపట్టణం సలాలా. ఖరీఫ్ వానలకు పచ్చబడే అక్కడి కొండలు గల్ఫ్‌లోని తెలుగువారికి పరిచయమే. ఆ కొండల్లోనే 1965 నుంచి 1975 దాకా సుల్తాను సేనలకూ, తిరుగుబాటుదారులకూ మధ్య యుద్ధం సాగింది. సలాలా రేడియో ఆ యుద్ధం నడుమ పుట్టింది.

1970 జూలై 23న సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్‌ను సలాలా రాజభవనంలోనే గద్దె దించి, కుమారుడు ఖాబూస్ అధికారానికి వచ్చాడు. వారానికి మస్కట్‌లో రేడియో మొదలైంది. అదే ఏడాది సలాలాలోనూ ఒక కేంద్రం వెలసింది. అప్పటికే అరబ్బు దేశాలంతటా కైరో 'సౌత్ అల్ అరబ్' వినిపిస్తోంది. 1967లో దక్షిణ యెమెన్ స్వతంత్రమయ్యాక ఏడెన్ రేడియో తిరుగుబాటుకు గొంతునిచ్చింది. సలాలా కేంద్రం దానికి జవాబుగా వచ్చింది.

ఈ కథను ఎక్కువమంది తెలుసుకున్నది ధోఫార్‌లో పోరాడిన బ్రిటిష్ అధికారి టోనీ జీప్స్ 1980లో ప్రచురించిన పుస్తకం ద్వారా. ఆయన కథనం ప్రకారం, కొండ ప్రజలకు ఉచితంగా పంచిన ట్రాన్సిస్టర్లను తిరుగుబాటుదారులు లాక్కొనేవారు. అందుకని వాటిని బజారులో చౌకగా అమ్మించారు. సొంత డబ్బుతో కొన్న వస్తువును ఎవరైనా లాక్కుంటే మనిషికి కోపం వస్తుందన్నది లెక్క.

ఈ ఉపాయాన్ని తర్వాతి సైనిక రచయితలు మెచ్చుకుంటూ ఉదాహరించారు. కాని ట్రాన్సిస్టరు కొన్నవాడు ఏ కేంద్రం విన్నాడు? సలాలాను పట్టే పెట్టె ఏడెన్‌నూ పడుతుంది. అమ్మకం జరగడం వేరు, మాటను నమ్మడం వేరు. జీప్స్ కథనంలో కొనుగోలుదారు ఉన్నాడు, శ్రోత లేడు.

మరి రెండో పక్షం రచనలు ఈ లోటు తీర్చాయా? ఫ్రెడ్ హాలిడే (1974), అబ్దెల్ రజాక్ తక్రీతీ (2013) తిరుగుబాటును లోపలినుంచి చూపారు. తక్రీతీ ఆధారాల్లో ఉద్యమ పత్రాలకు పెద్ద పీట. అయితే కొండవాసుల జిబ్బాలీ భాషకు లిఖిత సంప్రదాయం లేదు. జాన్‌స్టన్ నిఘంటువు వచ్చిందే 1981లో. కాగితాన్ని నమ్ముకున్న చరిత్రకు ఆ భాషలో విన్నవారి మాట అందడం కష్టం.

పోలికకు మన దగ్గరి ఉదాహరణ ఒకటి చూద్దాం. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూరులో 'సంగం రేడియో' ప్రసారాలు మొదలయ్యాయి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకు చెందిన దళిత స్త్రీలు దాన్ని నడిపారు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పిన మాటా, 2006 నాటి విధానమూ దానికి దారి వేశాయి. అక్కడా సంస్థ అండ ఉంది, వార్తలు చెప్పకూడదన్న ఆంక్ష ఉంది. అయినా వినేవారూ చెప్పేవారూ ఒకే పొలం గట్ల మీది మనుషులు. విత్తనాల గురించి వారి యాసలోనే మాట్లాడుకున్నారు.

ట్రాన్స్‌మిటర్ ఉన్న ఊరిని బట్టి రేడియో స్థానికం కాదు. సలాలా కేంద్రాన్ని స్థానిక రేడియో అనాలంటే, ఆనాడు కొండ గుడిసెల్లో దాన్ని విన్నవారి జ్ఞాపకాలను వారి భాషలోనే సేకరించాలి. ఆ తరం ఇప్పటికే వృద్ధాప్యంలో ఉంది. ఆ పని జరిగేదాకా మన చేతిలో ఉన్నది ప్రసారం చేసినవారి చరిత్రే.