సత్రమా, విడిదా? – క్రిస్మస్ కథలో సొంతూరి ప్రయాణం

కిందటి డిసెంబరులో ఆనేకల్‌లోని ఒక విద్యార్థిని ఇంటికి వెళ్ళాను. దుబాయిలో పనిచేసే ఆమె అన్న మూడేళ్ళ తరువాత క్రిస్మస్‌కు ఇంటికి వచ్చాడు. ఒకప్పటి అతని గదిలో ఇప్పుడు తమ్ముడి కాపురం. అతని పెట్టెలు హాల్లో మంచం కింద ఉన్నాయి. "మా ఇంట్లోనే చుట్టమైపోతిని సార్" అని నవ్వాడు. ఆ సాయంత్రం వీధి పిల్లలు క్రీస్తు జననం నాటిక వేశారు. సత్రం యజమాని వేషం కట్టిన కుర్రవాడు యోసేపునూ మరియనూ కసిరి తలుపు మూశాడు. అప్పుడా అమ్మాయి అడిగింది: "యోసేపుది బేత్లెహేమే కదా సార్. సొంతూరికి వచ్చినవాడు సత్రం వెతుక్కునేది ఎందుకు?"

ఈ ప్రశ్న తేలికగా తోసిపుచ్చదగినది కాదు. లూకా సువార్త రెండవ అధ్యాయం ప్రకారం, జనసంఖ్యలో పేరు రాయించుకోవడానికి ఎవరి ఊరికి వారు వెళ్ళారు. దావీదు వంశస్థుడు కనుక యోసేపు నజరేతు నుంచి బేత్లెహేముకు వచ్చాడు. అంటే క్రిస్మస్ కథ సొంతూరి ప్రయాణంతోనే మొదలవుతుంది. కాని తెలుగులో అది పరాయి ఊళ్ళో దిక్కులేని బాటసారుల కథగా వినిపిస్తుంది. ఇందుకు ముఖ్యకారణం అనువాదంలోని ఒక్క మాట: సత్రము.

మూలంలోని గ్రీకు పదం 'కటాల్యుమ'. ఇదే పదాన్ని లూకా ఇరవైరెండవ అధ్యాయంలో, యేసు శిష్యులతో కడపటి భోజనం చేసిన గదికి వాడాడు. అక్కడ మన గ్రాంథిక బైబిలు 'విడిది గది' అంది. పదవ అధ్యాయంలోని మంచి సమరయుడి కథలో బస చోటు పేరు వేరు: 'పాండొఖెయాన్', అందరినీ చేర్చుకునేది అని వ్యుత్పత్తి. దానికి తెలుగులో 'పూటకూళ్ళవాని యిల్లు' అన్నారు. చక్కటి మాట. డబ్బు తీసుకొని బస ఇచ్చే చోటుకు లూకా దగ్గర వేరే పదం ఉంది. జనన కథలో అతడు దాన్ని వాడలేదు. నాటికల్లో కసిరే సత్రం యజమాని కూడా లూకాలో కనిపించడు. కటాల్యుమ ఏ బసకైనా చెల్లుతుంది కనుక 'సత్రము' తప్పని అనలేం. ఇంగ్లీషులో 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం 'ఇన్' అనే అంది. 2011లో న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ దాన్ని అతిథుల గదిగా మార్చింది.

భాషాశాస్త్ర దృష్టితో చూస్తే 'విడిది' మరింత దగ్గరి మాట. కటాల్యుమ 'విప్పు, సడలించు' అనే అర్థం గల ధాతువు నుంచి వచ్చింది; మూటాముల్లె విప్పుకొనే చోటు. 'విడిది'కి మూలమైన 'విడు' ధాతువు అర్థమూ అదే. తమిళంలో ఇంటికి పేరైన 'వీడు', కన్నడంలోని 'బిడది', 'బిడార' దీని సోదర పదాలు. హోసూరు సరిహద్దున ఈ మూడు భాషలూ వినిపించే ఆనేకల్‌లో దీన్ని గ్రహించడం కష్టం కాదు. అదే ఆనేకల్ పిల్లవాడికి 'సత్రం' అంటే కన్నడపు 'ఛత్ర', అనగా పెళ్ళిళ్ళు జరిగే హాలు, గుర్తుకొస్తుంది.

అయితే 'సత్రము' పక్షాన ఒక బలమైన వాదం ఉంది. కులాన్ని చూసి చోటిచ్చిన సత్రాలున్న దేశం మనది. 'చోటు లేదు' అన్న మాటలో దళిత క్రైస్తవులు తమ అనుభవాన్నే విన్నారు. జాషువా 1941లో వెలువరించిన 'గబ్బిలం'లో నాయకుడు శివుడికి గబ్బిలం చేత కబురు పంపుతాడు. మనిషికి లేని ఆలయ ప్రవేశం ఆ ప్రాణికి ఉంది. ఆ నిరాకరణ స్మృతిని మోసే పదాన్ని వ్యుత్పత్తి చూపించి కొట్టివేయలేం.

కాని ఇవి రెండు వేరు బాధలు. సత్రం తలుపు మూసినప్పుడు మూసినవాడొకడు ఉంటాడు, అతణ్ణి నిలదీయవచ్చు. విడిది గది నిండిపోయినప్పుడు దోషి ఎవరూ లేరు; ఇల్లు తనవాళ్ళదే, తలుపు తెరిచే ఉంది, చోటు మాత్రం లేదు. విదేశం నుంచి పండుగకు వచ్చేవాడిది ఈ రెండో స్థితి. 'సత్రము' అన్నందువల్ల తెలుగు కథలో మొదటి బాధ నిలిచి, రెండోది మరుగున పడింది. కొత్త అనువాదం చేసేవారు 'విడిది'ని స్వీకరించాలని నా అభిప్రాయం. నిరాకరణ బాధను చెప్పడానికి జాషువా ఉండనే ఉన్నాడు.

పాలస్తీనా పల్లెల్లో పశువుల తొట్టి ఇంటి లోపలే ఉండేదని కొందరు పండితులు చూపారు. మన పాత ఇళ్ళలోనూ పశువులను ఇంట్లోనే కట్టేవారు. ఆ లెక్కన శిశువును తొట్టిలో పడుకోబెట్టడం వెళ్ళగొట్టడం కాదు, ఉన్నంతలో సర్దుకోవడం. ఆ రాత్రి నేను బయలుదేరే వేళకు ఆనేకల్ ఇంట్లో తల్లి హాల్లోని మంచం మీద ఉతికిన దుప్పటి పరుస్తూ ఉంది.