పాత ఇంటికి తగిన పంచ

పల్నాడు ఊళ్లలో పాత ఇల్లు బాగుచేయించాలనుకున్నవాళ్లు మొదట చెయ్యి వేసేది వీధి పంచ మీదే. అరుగులు కొట్టేస్తారు, స్తంభాలు పీకేస్తారు. సిమెంటు పిల్లర్లు లేపి పైన స్లాబు పోస్తారు. చుట్టూ ఇనుప గ్రిల్లు, కింద మెరిసే టైల్సు. గృహప్రవేశం నాటికి అంతా బాగానే ఉంటుంది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి వెనకనున్న పాత గోడ చెమ్మెక్కి పెచ్చులూడుతుంది, స్లాబు గోడను కలిసిన చోట బీట పడుతుంది. ఆ పంచను ఇంటికి అలంకారంగానే చూశారు, అది చేసే పనిని చూడలేదు.

పంచకు మూడు పనులున్నాయి. గోడను వాన నుంచి కాయాలి, గుమ్మంలోకి ఎండ రాకుండా ఆపాలి, వచ్చినవాళ్లను కూర్చోబెట్టాలి. పల్నాడులోని కారంపూడిలో ఈ మూడో పని చిన్నది కాదు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వీరులకు ఇక్కడ నాగులేటి ఒడ్డున గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్యకు మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు వీరారాధన సాగుతుంది. అలాంటి రోజుల్లో ఇంటినిండా చుట్టాలు దిగితే నడుం వాల్చడానికి అరుగుకు మించిన చోటు లేదు. కూర్చోవడానికి మోకాలి ఎత్తు, అంటే అడుగున్నర చాలు. మనిషి పడుకోవాలంటే వెడల్పు రెండున్నర, మూడు అడుగులు ఉండాలి. పంచ మళ్లీ కట్టేటప్పుడు ఈ కొలతలు తగ్గిస్తే మిగిలేది చెప్పుల స్టాండు పెట్టుకునే చోటే.

ఇక ఎండ. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా ఎరిగినవే, కారంపూడిదీ ఆ సీమే. ఈ ఊరు సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అందుకే రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు, ఉత్తరపు గుమ్మానికి కూడా చూరు కావాలి. దక్షిణపు గుమ్మానికి ఎనిమిది అడుగుల ఎత్తున చూరు దించి, ఐదడుగుల లోతు పంచ వేస్తే డిసెంబరు మధ్యాహ్నపు ఎండ గోడ అడుగున రెండడుగుల మేరకే తాకుతుంది. పడమటి ఎండ ఏటవాలుగా దూసుకొస్తుంది, దానికి లోతు ఒక్కటే చాలదు. చూరు ఇంకా కిందికి దించాలి, లేదా తడిక వేలాడదీయాలి. పంచ ఎత్తు పెంచితే ఇల్లు గొప్పగా కనబడుతుందని చాలామంది అనుకుంటారు, అలా పెంచినకొద్దీ నీడ తగ్గిపోతుంది.

పైకప్పు బరువు కూడా లెక్క చూసుకోవాలి. పదడుగుల పొడవు, ఆరడుగుల లోతున్న పంచకు నాలుగంగుళాల స్లాబు పోస్తే సుమారు 1400 కిలోలు. మట్టి అడుసుతో కట్టిన రాతి గోడను తొలిచి ఈ బరువును దానికి ఆనించకూడదు. కొత్త పునాది కుంగే తీరు వేరు, పాత పునాది ఏనాడో కుంగి కుదురుకుంది. కప్పు తేలికగా ఉండాలి, సొంత స్తంభాల మీద నిలవాలి. గోడతో కలిసే సందులోకి వాన దిగకుండా రేకు మడత వేస్తే చాలు. చెక్క స్తంభమైతే దాన్ని నేలలో పాతకుండా రాతి పీట మీద నిలబెట్టడం మన పాత వడ్రంగుల పద్ధతి. అప్పుడు చెదలు, చెమ్మ మానును తేలిగ్గా అందుకోలేవు.

పాత గోడకు సిమెంటు పూత పనికిరాదు. మట్టి, సున్నంతో కట్టిన గోడ నేలలోని చెమ్మను పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూసి, దాని మీద నీరు చొరని పెయింటు వేస్తే ఆ చెమ్మకు దారి మూసుకుపోతుంది. ఉప్పు పొంగి, పూత ఉబ్బి ఊడుతుంది. సున్నం దగ్గరలోనే దొరుకుతుంది, పిడుగురాళ్ల బట్టీలకు పేరున్నదే అందుకు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు వాయువై పోయి 56 కిలోల సున్నం మిగులుతుంది. పూత పూశాక అది గాలిలోంచి ఆ వాయువునే తిరిగి తీసుకుంటూ మెల్లగా రాయిగా మారుతుంది. అందుకే ఈ పనికి తొందర కూడదు. విరగబెట్టిన సున్నాన్ని వారం, పది రోజులైనా నీళ్లలో నానబెట్టాలి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక కలిపి గానుగలో నలపాలి. బెల్లం, కరక్కాయ నీళ్లు కలపడం పాతవాళ్ల అలవాటు. పలచటి పూతలుగా వేసి, గోడ ఎండిపోకుండా తడుపుతుండాలి.

కాళ్ల కిందికి నాపరాయే మేలు. నాపరాయీ సున్నపురాయే. పల్నాటి సున్నపురాయి తక్కువది కాదు, అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది దాని మీదే. పంచలో పరిచే బండకు పాలిషు వద్దు, ఉలిదెబ్బల గరుకు ఉంటే వానలో కాలు జారదు. నేలకు నాలుగైదు అడుగులకు ఒక అంగుళం చొప్పున వీధివైపు వాలు ఇవ్వాలి. సిమెంటు రోడ్లు ఏటికేడు ఎత్తు పెరిగి కొన్ని ఇళ్లు పల్లంలో పడ్డాయి. అలాంటి చోట అరుగు పూడ్చేకంటే ముందు కాలువ తీయడం మంచిది. అరుగు పంచాయతీ స్థలంలోకి వచ్చిందేమో కొలిపించుకున్నాకే పని మొదలుపెట్టాలి.

మేస్త్రీని పిలిచేముందు పంచను నాలుగు వైపులా ఫొటోలు తీయండి. అరుగు, చూరు, స్తంభాల కొలతలు రాసుకోండి. ప్రతి బండకూ సున్నంతో అంకె వేసి విప్పించండి. వాటిలో చాలావరకు మళ్లీ అదే చోట అమరుతాయి. కారు నిలపాలంటే ఇంటి పక్కనో వెనకో చోటు చూసుకోండి, అరుగులు మాత్రం కొట్టించకండి.