లాటు లెక్క లాటుకే

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయింది. అంత మార్పు వచ్చినా చెక్కుచెదరని తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకపు లెక్కచీటీ) ప్రోగ్రామ్ రాయగలిగినవాళ్ల పనితనం పైకి కనబడదు.

మామిడి లాటునే తీసుకోండి. కమీషన్, హమాలీ పోను రైతుకెంత రావాలో లాటు ఆబ్జెక్టే తేల్చాలి. డేటాబేస్‌లో దాచడం, ఎస్సెమ్మెస్ పంపడం, బ్యాంకులో జమ చేయించడం సర్వీసు వంతు. సర్వీసుకు లాటు తెలియాలి. లాటుకు మాత్రం సర్వీసు ఊసే ఉండకూడదు. లెక్కంతా సర్వీసులోకి లాగేస్తే లాటు ఉత్త డొల్ల. మార్టిన్ ఫౌలర్ 2003లో ‘ఎనీమిక్ డొమైన్ మోడల్’ అని తప్పుపట్టింది దీన్నే. పోనీ లాటే ఎస్సెమ్మెస్ పంపబోతే, కూడికా తీసివేతా సరిచూడ్డానికి కూడా నెట్‌వర్క్ కావాలి!

పనితెలిసినవాళ్లు కమీషన్ రేటును సర్వీసు చేత తెప్పించి లాటు చేతికిస్తారు. వంద కిలోలు, కిలో 40 రూపాయలు, 4 శాతం కమీషన్, 60 రూపాయల హమాలీ అనుకుందాం. రైతుకు 3,780 రావాలి. ఈ టెస్టుకు డేటాబేస్ అక్కర్లేదు, బ్యాంకు అక్కర్లేదు.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో జావా ఎందరో నేర్చుకుంటారు. యార్డు మారినా, బ్యాంకు మారినా లెక్క ఫైలు ముట్టుకోనక్కర్లేకుండా రాసేవాళ్లకు మాత్రం శభాష్ అనాల్సిందే.