గొంతు లేని పాట: లండన్ ఆర్కెస్ట్రా, బోధన్ బ్యాండు మేళం

బరాత్‌లో 'నాగిన్' సినిమా బీను ఎత్తుకుంటే ఏం జరుగుతుందో నిజామాబాద్ జిల్లా బోధన్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. పెళ్లికొడుకు దోస్తు ఒకడు దస్తీ కొస నోట్లో పెట్టుకుని ఊదుతాడు, ఇంకొకడు నేల మీద పాకుతాడు. పాడేవాడు లేడు, క్లారినెట్టే పాట.

దీనికి దూరపు చుట్టం లండన్‌లో ఉంది. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా 1970ల చివర 'క్లాసిక్ రాక్' అని రికార్డులు మొదలుపెట్టింది. రోలింగ్ స్టోన్స్, లెడ్ జెప్పెలిన్, క్వీన్ పాటలను వయొలిన్లకూ ఇత్తడి వాద్యాలకూ అప్పగించింది. 1978లో బ్రిటన్‌లో మొదటి రికార్డు బాగా అమ్ముడుపోయింది.

అక్కడ ప్రతి స్వరం కాగితం మీద ఉంటుంది. బోధన్‌లోనైతే బ్యాండు మాస్టర్ చెవితో పట్టుకుని, ట్రంపెట్ల వాళ్లకు నోటితో చెప్తాడు. లండన్ వాళ్లు స్టూడియోలో కూర్చుని వాయిస్తారు, వీళ్లు నడుస్తూ, జనరేటర్ మోతను దాటి వినిపించాలి. అక్కడ పల్లవి ఒక వాద్యం నుంచి ఇంకో వాద్యానికి చేతులు మారుతుంది. ఇక్కడ మాత్రం గాయకుడి పని చివరిదాకా క్లారినెట్టుదే. వేలు రంధ్రం మీద నుంచి మెల్లగా జారితే గాయకుడు రఫీ గొంతులోని జారుడు కొంతైనా వస్తుంది. రాక్ గాయకుడి బొంగురు మాత్రం వయొలిన్‌కు పట్టుబడదు, అందుకే లెడ్ జెప్పెలిన్ పాట ఆ రికార్డులో నాకు ఉప్పు తగ్గినట్టే ఉంటుంది. అలాగే బ్యాండుకు మెత్తని పాట చేతకాదు, జోలపాటైనా వీధికి సరిపడా గట్టిగా ఊదాల్సిందే.

నన్ను పట్టుకున్న పోలిక వేరే ఉంది. క్వీన్ 1975లో చేసిన 'బొహీమియన్ రాప్సోడీ'లో ఒపెరా బృందగానంలా వినపడేది ముగ్గురి గొంతులే. టేపు మీద పొరలు పొరలుగా పేర్చారు. ఆర్కెస్ట్రా ఆ పాట ఎత్తుకున్నప్పుడు ఆ చోట నిజమైన బృందమే పాడింది. 1954 నాటి 'నాగిన్'లోనూ అసలు బీను లేదు. హేమంత్ కుమార్ సంగీతానికి కల్యాణ్‌జీ క్లావియోలిన్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద పలికించిన బీను అది. బోధన్ క్లారినెట్టు దాన్ని మళ్లీ రీడుకూ ఊపిరికీ తెచ్చింది. స్టూడియో యంత్రంతో చేసిన గారడీని ఇద్దరూ మనుషుల చేతికే తిరిగి ఇచ్చారు.

కాగితం వాళ్లకూ ఒకసారి చెవే దిక్కయింది. డీప్ పర్పుల్ రాక్ బృందంలోని జాన్ లార్డ్ రాసిన కన్సర్టోను 1969 సెప్టెంబరు 24న రాయల్ ఆల్బర్ట్ హాల్లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించారు. తర్వాత ఆ స్వరలిపి పోయింది. నెదర్లాండ్స్‌కు చెందిన మార్కో డి గూయ్ రికార్డు వింటూ వింటూ దాన్ని తిరిగి రాశాడు. 1999లో దాన్ని వాయించింది లండన్ సింఫనీయే. బ్యాండు మాస్టర్ ప్రతి కొత్త సినిమాకూ చేసే పని అదే, కాకపోతే కాగితం మీద పెట్టడు.

బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు క్రషింగ్ సీజనూ మాఘ ఫాల్గుణాల లగ్గాలూ కలిసే వచ్చేవి, బ్యాండుకు అదే పని కాలం. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు బరాత్ ముందు డీజే బండి నడుస్తోంది. పాత బ్యాండు ఎక్కడ వినాలి?

లండన్ రికార్డు వెతికితే దొరుకుతుంది, పేర్లు అట్ట మీద ఉంటాయి. బ్యాండు ఉన్నది మాత్రం పెళ్లి వీడియో క్యాసెట్లలో. అందులోనూ ఎడిటింగ్‌లో బరాత్ మీద సినిమా పాట అతికించేవాళ్లు. తెర మీద బుగ్గలు పూరించి ఊదుతున్న మనిషి కనపడతాడు, వినపడేది సినిమా గాయకుడి గొంతు. గొంతు లేకుండా పాటను నిలబెట్టినవాడి మీదికే మళ్లీ గొంతు తెచ్చి కప్పారు. ఈ అన్యాయం నాకు మింగుడుపడదు. కెమెరా మైకు పట్టిన అసలు శబ్దం ఎడిటింగ్‌కు ముందటి క్యాసెట్లోనే ఉంటుంది. మీ ఇంటి బీరువాలో అలాంటిది ఉంటే, బూజు పట్టకముందే ముందుగా బరాత్ భాగం కాపీ చేయించండి.