రిబ్కాని ఎప్పుడు అడిగారు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో నేను వెళ్లిన క్రైస్తవుల పెళ్లిళ్లలో తరచూ విన్న కథ ఆదికాండం 24వ అధ్యాయంలోది. అబ్రాహాము తన కొడుకు ఇస్సాకుకి పిల్లని తెమ్మని పెద్ద దాసుణ్ణి పంపుతాడు. దాసుడు బావి దగ్గర నిలబడి దేవుణ్ణి గుర్తు అడుగుతాడు. రిబ్కా వచ్చి అతనికీ, పది ఒంటెలకీ నీళ్లు తోడిపోస్తుంది. పెద్దల్ని నమ్మితే దేవుడే జత కూరుస్తాడు, ఆడపిల్ల లోబడాలి అని బోధకులు నీతి చెబుతారు. నమ్మకమూ, కుటుంబ ధర్మమూ రెండూ పిల్ల నెత్తినే!

కానీ ఈ కథలో మొదటి సందేహం దాసుడిదే. ఆ అమ్మాయి రానంటే ఏం చెయ్యాలని అడుగుతాడు. ఆమెకి ఇష్టం లేకపోతే ఈ ఒట్టు నీమీద ఉండదంటాడు అబ్రాహాము. తండ్రి వేయించిన ఒట్టుకీ హద్దుంది. ఆ హద్దు, వాళ్లింకా చూడనైనా చూడని ఒక అమ్మాయి ఇష్టం. నేను విన్న ప్రసంగాల్లో ఈ 8వ వచనం రాలేదు.

అలాగని ఇది స్త్రీ స్వేచ్ఛ కథ అనలేం. ముక్కుపోగు, కడియాలు ముందే వచ్చాయి. అన్న లాబాను ఆ బంగారం చూసే బావి దగ్గరికి పరుగెత్తాడు. తీసుకెళ్లమని అన్నా తండ్రీ మాటిచ్చేశారు. తెల్లారాక, ప్రయాణం ఎప్పుడన్న పేచీ వచ్చినప్పుడే రిబ్కాని పిలిచి అడిగారు. హీబ్రూలో ఆమె జవాబు ఒకే మాట: వెళ్తాను. ఆడపిల్లని ఆమె సమ్మతితోనే ఇవ్వాలని 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రషి ఇక్కడినుంచే సూత్రం తీశాడు. మన పెళ్లిళ్లలోనూ పాస్టరుగారు పెళ్లికూతుర్ని ఇష్టమేనా అని అందరి ముందూ అడుగుతారు. అప్పటికి ప్రధానం అయిపోయుంటుంది, బయట భోజనాలు సిద్ధంగా ఉంటాయి. ఆ సమయంలో కాదనగలిగే పిల్ల ఎవరు?

ఆ ఒట్టులో ఇంకో సగం ఉంది. కనానీయుల పిల్ల వద్దు, మనవాళ్ల పిల్లే కావాలి. రిబ్కా అబ్రాహాము తమ్ముడి మనవరాలు. మేనరికాలు తెలిసిన మనకి ఈ సగం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. మతం మారినా పెళ్లి ప్రకటనల్లో క్రైస్తవ అన్న మాట పక్కన కులం కూర్చునే ఉంది.

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఆస్పత్రి బయట, గర్భవతిగా ఉన్న అమృత కళ్లముందే ప్రణయ్‌ని నరికి చంపారు. అతను దళిత క్రైస్తవుడు, ఆమె వైశ్యుల అమ్మాయి. చంపించింది ఆమె తండ్రేనని పోలీసులు కేసు పెట్టారు. విచారణ ముగియకముందే, 2020 మార్చిలో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆ ఇంట్లో ఆదికాండం చదివి ఉండరు. అయినా మనవాళ్లే కావాలన్న సగం అక్కడా ఉంది, ఆమె ఇష్టం అన్న సగం లేదు. ఆ రెండో సగాన్ని గ్రంథంలోనే పెట్టుకున్న మనమైనా దాన్ని చదువుతున్నామా?

అబ్రాహాము దాసుణ్ణి నమ్మాడు. దాసుడు దేవుణ్ణి నమ్మాడు. రిబ్కా ముక్కూ మొహం తెలియని మనిషిని నమ్మి ఒంటె ఎక్కింది. కూతుర్ని నమ్మడం కూడా కుటుంబ ధర్మమేనని ఎప్పుడు ఒప్పుకుంటాం? ప్రధానానికి ముందే ఆమెని అడగాలి. కాదన్నా, వేరొకరి పేరు చెప్పినా ఏ ప్రాణమూ పోకూడదు. అప్పుడే అది అడగడం అవుతుంది.